పెరటిలో ఈతకొలనును ఇంటి యజమానే దగ్గరుండి కట్టించుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక పెరట్లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల కాంక్రీటు ఈతకొలను కట్టుకోవాలనుకుంటున్నాము. లోతు ఒక చివర 1.1 మీటర్లతో మొదలై రెండో చివరకు 1.7 మీటర్లు అవుతుంది. పని మొత్తాన్ని ఒకే కాంట్రాక్టరుకు అప్పగించకుండా, తవ్వకం, ఇనుము, పైపులు, కాంక్రీటు, టైల్స్, విద్యుత్తు పనులను వేర్వేరు పనివారికి ఇచ్చి, నేనే దగ్గరుండి చేయించాలన్నది నా ఆలోచన.

నేను ఇంజనీరును కాను. కొన్నేళ్ల క్రితం మేడ మీద రెండు గదులు వేయించినప్పుడు మేస్త్రీలతోనూ, సామగ్రి సరఫరాదారులతోనూ నేనే వ్యవహరించాను కాబట్టి, పనివారిని సమయానికి రప్పించడం, లెక్కలు రాసుకోవడం నాకు కొత్త కాదు. అయితే వారంలో రెండు రోజులు మాత్రమే పని దగ్గర పూర్తిగా ఉండగలను. మిగిలిన రోజుల్లో సాయంత్రాలే వీలవుతుంది. మా నేల బంకమట్టి. వానలు పడే నెలల్లో ఒక పాత గోతిలో మీటరున్నర లోతులో నీరు ఊరడం చూశాను. ఇంటి గోడకూ కొలను అంచుకూ మధ్య రెండున్నర మీటర్ల దూరం ఉంటుంది.

ఇలాంటి పనిని ఇంజనీరు కాని మనిషి నడిపించగలడా? ఏ పని తరువాత ఏ పని జరగాలి? ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు? స్వయంగా కట్టించుకున్నవారు తమ అనుభవాన్ని వివరంగా చెబితే చాలా మేలు చేసినవారవుతారు.

సమాధానం: తన కొలనును తానే కట్టించుకున్న ఒక యజమాని

నమస్కారమండీ. మీ కొలను కొలతలకు దగ్గరగా ఉన్నదాన్నే నేను ఇలాగే కట్టించాను. నడిపించగలరు. కానీ మేడ మీద గదులు కట్టించడానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. గదిలో పైపు తప్పుగా వేస్తే గోడ పగలగొట్టి మార్చుకోవచ్చు. కొలనులో మాత్రం పైపులు, ఇనుము, నేల కింది మురుగు ఏర్పాటు, విద్యుత్తు బంధనం అన్నీ ఒకే రోజున కాంక్రీటు కిందికి వెళ్లిపోతాయి. అందుకే మీకున్న సెలవులన్నింటినీ సమానంగా పంచుకోకండి. తవ్వకం మొదలైన రోజు నుంచి కాంక్రీటు పడే రోజు వరకు ఉన్న రెండు మూడు వారాలకు వాటిని కూడబెట్టుకోండి. టైల్స్ పనికి సాయంత్రాలు చాలు.

క్రమం నా విషయంలో ఇలా సాగింది. స్థానిక సంస్థ అనుమతి, ఇంజనీరు సంతకం చేసిన నిర్మాణ చిత్రం చేతికి వచ్చాకే నేల మీద సున్నంతో గీత గీశాము. ఆ గీతను రెండు రోజులు అలాగే ఉంచి, ఇంట్లో అందరమూ చుట్టూ నడిచి చూసుకున్నాము. దానివల్ల కొలనును అర మీటరు పక్కకు జరపవలసి ఉందని అర్థమైంది. తరువాత తవ్వకం, అడుగున కంకర పరుపు, అడుగు పైపులు, ఇనుము, మిగిలిన పైపులు, విద్యుత్తు బంధనం, తనిఖీ, కాంక్రీటు, దాన్ని తడపడం, టైల్స్, అంచు బండలు, చుట్టూ గచ్చు, చివరగా లోపలి పూత, నీళ్లు నింపడం.

తవ్వకం గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం మట్టి లెక్క. మీ కొలనుకు గోడల మందం, అడుగు మందం, కంకర పరుపు కలుపుకుంటే సుమారు 65 ఘనపు మీటర్ల నేల తవ్వవలసి వస్తుంది. తవ్విన మట్టి గుల్లబారి కనీసం పావు వంతు పెరుగుతుంది కాబట్టి, తరలించవలసింది దాదాపు 80 ఘనపు మీటర్లు. బంకమట్టి ఇంకా ఎక్కువే ఉబ్బవచ్చు. అది ఎక్కడికి వెళుతుందో, ఏ దారిన వెళుతుందో, యంత్రం పెరట్లోకి ఏ పక్క నుంచి వస్తుందో తవ్వకం ఒప్పందంలోనే రాయించుకోండి. తవ్విన మట్టిని గోతి అంచున కుప్ప పోయనివ్వకండి. ఆ బరువుకు పక్క గోడ జారి లోపలున్న మనిషి మీద పడుతుంది. తవ్వడానికి ముందు నేలలో ఉన్న నీటి, మురుగు, విద్యుత్తు, గ్యాస్ లైన్ల జాడ ఆయా శాఖల చేత గుర్తు పెట్టించుకోవడం తప్పనిసరి.

పైపుల గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే నన్ను కాపాడింది అవే. మీ కొలనులో పట్టే నీరు సుమారు 45,000 లీటర్లు. ఆ నీరంతా 6 గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 7,500 లీటర్ల ప్రవాహం కావాలి. 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల పైపులో ఆ ప్రవాహం సెకనుకు ఒక మీటరు వేగంతో వెళుతుంది. పంపు నీటిని పీల్చే వైపు ఆ వేగం సెకనుకు 1.8 మీటర్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. సన్నని పైపు వేసి పెద్ద పంపు పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ పంపు ఉన్నన్నాళ్లూ విద్యుత్తు వృథాగా ఖర్చవుతుంది. అడుగున నీరు పీల్చే రంధ్రాలు తప్పనిసరిగా రెండు ఉండాలి, వాటి మధ్య కనీసం 90 సెంటీమీటర్ల దూరం ఉండాలి, రెండింటికీ మనిషి అతుక్కుపోకుండా కాపాడే ఉబ్బెత్తు మూతలు ఉండాలి. ఒకటే రంధ్రం ఉండి దాన్ని ఒక పిల్ల శరీరం మూసివేస్తే, పెద్దవారు బలంగా లాగినా ఆ పిల్లను విడిపించలేరు.

పైపులన్నీ బిగించాక చివరలు మూసి, నీటితో సుమారు 2 బార్ల ఒత్తిడి పెట్టి, ఒత్తిడి మీటరును అలాగే వదిలేయండి. కాంక్రీటు పడుతున్నంత సేపూ అది అక్కడే ఉండాలి. మా దగ్గర కాంక్రీటుకు ముందు రోజు సాయంత్రం నేను చూసేసరికి మీటరు సగానికి పడిపోయింది. ఇనుము కట్టేవారు చువ్వను సర్దుతూ ఒక మోచేతి పైపు మీద కాలు మోపినట్టున్నారు, అతుకు చిట్లింది. ఆ రాత్రే ప్లంబరును పిలిపించి మార్పించాను. మీటరు లేకపోయి ఉంటే ఆ చిట్లు జీవితాంతం కాంక్రీటు లోపల ఉండిపోయేది.

జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. పై అంచు మట్టాన్ని నేను కొలవలేదు. కాంక్రీటుకు అచ్చుగా పలకలు కొట్టినవారు కొలిచారని కాంక్రీటువారు, కాంక్రీటువారు చూసుకుంటారని పలకలవారు అనుకున్నారు. తీరా చూస్తే ఒక మూల 22 మిల్లీమీటర్లు దిగిపోయి ఉంది. నీరు ఎప్పుడూ సమమట్టంలో నిలబడుతుంది కాబట్టి ఆ తేడా టైల్స్ వరుసలో కంటికి కొట్టినట్టు కనబడుతుంది. సిమెంటు మాలుతో లేపి సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ ఖర్చును ఏ పక్షమూ భరించలేదు. రెండు పనుల మధ్య ఉన్న బాధ్యత ఎవరిదో ముందుగా రాసుకోకపోతే అది మీదే అవుతుంది. మామూలు ట్యూబు లెవెల్‌తో అర గంటలో తేలే విషయం అది.

కాంక్రీటును గొట్టంతో గాలి ఒత్తిడి మీద చిమ్మించే పద్ధతిలో చేయించాను. అందులో గొట్టం పట్టుకున్న మనిషి నేర్పే అన్నింటికన్నా ముఖ్యం. చువ్వల వెనుక బోలు మిగలకుండా చిమ్మాలి. గోడకు తగిలి రాలిపడిన మాలులో సిమెంటు తక్కువ, ఇసుక ఎక్కువ ఉంటుంది. దాన్ని పారతో ఎత్తి మెట్ల కింద నింపడం పనివారికి అలవాటు. మా దగ్గరా మొదలుపెట్టారు, నేను అడ్డుకుని బయట పారబోయించాను. మీరు కూడా ఆ రోజంతా అక్కడ నిలబడండి.

సమాధానం: ఒక సివిల్ ఇంజనీరు

పై సమాధానంలో పైపుల విషయంతోనూ, రాలిన మాలు విషయంతోనూ పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ప్రశ్నలో మీరు మామూలుగా ప్రస్తావించి వదిలేసిన ఒక వాక్యం నన్ను ఆపివేసింది. మీటరున్నర లోతులో నీరు ఊరిందన్నారు. ఈ పని మొత్తానికి అదే కీలకం.

ఖాళీ కొలను నేలలో కూరుకున్న పడవ లాంటిది. మీ కొలతలతో గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందంతో కడితే కాంక్రీటు బరువు సుమారు 34 టన్నులు అవుతుంది. దాని అడుగు వైశాల్యం దాదాపు 37 చదరపు మీటర్లు. అంటే అడుగు కింది భాగం నుంచి భూగర్భ జలం సగటున 90 సెంటీమీటర్లు పైకి వస్తే చాలు, నీటి తోపుడు ఆ బరువుతో సమానమవుతుంది. ఇంకొంచెం పెరిగితే, పక్క మట్టి పట్టు తప్ప దాన్ని ఆపేది ఏదీ ఉండదు. నీళ్లతో నిండి ఉన్నప్పుడు ఈ ప్రమాదం లేదు. ప్రమాదమల్లా కట్టడం పూర్తయి నీళ్లు నింపకముందు, లేదా ఎప్పుడైనా శుభ్రం చేయడానికి ఖాళీ చేసినప్పుడు వస్తుంది. గట్టి వాన కురిసిన మర్నాడు కొలను ఒక చివర పైకి లేచి, పైపులన్నీ తెగిన సందర్భాలు ఉన్నాయి.

కాబట్టి మట్టి పరీక్ష చేయించే ఖర్చును దయచేసి తగ్గించుకోకండి. భూగర్భ జలం అత్యధికంగా ఎంత ఎత్తుకు వస్తుందో, బంకమట్టి తడికి ఎంత ఉబ్బుతుందో అది చెబుతుంది. అడుగున 15 సెంటీమీటర్ల కంకర పరుపు వేసి, అందులో రంధ్రాల పైపు ఒకటి పెట్టి, దాన్ని కొలను పక్కన నిలువుగా పైకి వచ్చే వెడల్పాటి గొట్టానికి కలపండి. ఆ గొట్టంలోకి ఒక కర్ర దించి చూస్తే నేలలో నీరు ఎంత ఎత్తున ఉందో ఎప్పుడైనా తెలుస్తుంది, అవసరమైతే చిన్న పంపు దించి తోడివేయవచ్చు. అడుగు రంధ్రం దగ్గర ఒత్తిడి విడుదల వాల్వు కూడా పెట్టించండి. బయటి నీటి ఒత్తిడి లోపలి దానికన్నా ఎక్కువైనప్పుడు అది తెరుచుకుని నేలలోని నీటిని కొలనులోకి రానిస్తుంది. అయితే అది మట్టి చేరి మూసుకుపోగలదు, కాబట్టి దాని ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకూడదు.

రెండో సంగతి ఇంటి పునాది. పునాది అడుగు అంచు నుంచి కిందికి 45 డిగ్రీల వాలులో ఒక గీత ఊహించుకోండి. మీ తవ్వకం ఆ గీతను దాటి కిందికి పోకూడదు. మెత్తని, తడిసిన బంకమట్టిలో అయితే ఆ గీతను ఇంకా చదునుగా, ఒక మీటరు లోతుకు రెండు మీటర్ల దూరం చొప్పున ఊహించుకోవడం మంచిది. మీ పునాది 1.2 మీటర్ల లోతులో ఉందనుకుంటే, లోతైన చివర తవ్వకం 2 మీటర్లు దాటుతుంది కాబట్టి, గోడ మందం, పునాది వెడల్పు పోగా మిగిలే దూరం హద్దు మీద ఉంటుంది. లోతు తక్కువ చివరను ఇంటి వైపు ఉంచితే ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది. పునాది అసలు లోతు ఎంతో మాత్రం ఒకచోట తవ్వి స్వయంగా కొలుచుకోండి.

ఇనుము విషయంలో మీరు చూడవలసింది ఒక్కటే: మట్టికి తగిలే వైపు చువ్వకూ మట్టికీ మధ్య 75 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టేంత ఖాళీ ఉండాలి. చువ్వల కింద కాంక్రీటు కవర్ బ్లాకులే ఉండాలి. ఇటుక ముక్కలు పెడితే అవి తేమ పీల్చి చువ్వకు అందిస్తాయి. కొన్నేళ్లకు తుప్పు మరకలు లోపలి పూత మీదికి వస్తాయి. టేపు పట్టుకుని చోటుచోటునా కొలవడానికి ఇంజనీరు కానవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీటి మట్టం సంగతి ఇంత పెద్దదని నాకు తెలియదు. లోతైన చివర ఇంటి వైపే గీయించాను, ఎందుకంటే పంపు గది ఆ పక్కన ఉంది. ఇప్పుడు దాన్ని తిప్పించాలి. అలా తిప్పితే అడుగు రంధ్రాల నుంచి పంపు వరకు పైపు మరో 9 మీటర్లు పెరుగుతుంది. అది ఇబ్బందా? అలాగే విద్యుత్తు బంధనం అని మొదటివారు రాశారు. మామూలు ఎర్తింగ్ కాకుండా అది వేరే పనా? మా ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ ఒక్కటే చాలంటున్నారు.

సమాధానం: ఒక ఎలక్ట్రీషియన్

రెండూ వేర్వేరండీ, ఒకటి ఉంటే మరొకటి అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఎర్తింగ్ చేసే పని, లోపం వచ్చినప్పుడు కరెంటు భూమిలోకి పోయే దారి చూపి, బ్రేకరు పడేలా చేయడం. బంధనం చేసే పని, కొలను చుట్టుపక్కల మనిషి ఒకేసారి తాకగల లోహాలన్నింటినీ ఒకే వోల్టేజీలో ఉంచడం. తడి శరీరంతో ఒక చేయి నిచ్చెన మీద, కాళ్లు నీటిలో ఉన్న మనిషికి, ఆ రెండింటి మధ్య కొద్ది వోల్టుల తేడా ఉన్నా అది ఒంట్లోంచి ప్రవహిస్తుంది. తేడాయే లేకుండా చేస్తే ప్రవహించడానికి కారణమే ఉండదు.

కొలను ఇనుప చువ్వల వల, లోహపు నిచ్చెన, పట్టుకునే కడ్డీలు, దీపాల గూళ్లు, పంపు మోటారు పైతొడుగు, నీటి అంచు నుంచి మీటరున్నర లోపు ఉన్న ఇతర లోహపు వస్తువులు, చుట్టూ వేసే గచ్చులోని ఇనుము, ఇవన్నీ రాగి తీగతో, నేలలో తుప్పు పట్టని బిగింపులతో ఒకదానికొకటి కలవాలి. చువ్వలకు తీగ బిగించేది కాంక్రీటుకు ముందే; ఆ తరువాత మార్గం లేదు. బిగించిన ప్రతిచోటా ఫోటో తీసుకోండి. వీటికి తోడు కొలను సర్క్యూట్లన్నింటికీ 30 మిల్లీఆంపియర్ల దగ్గర పడిపోయే లీకేజీ బ్రేకరు ఉండాలి. నీటిలోని దీపాలకు 12 వోల్టుల రకం ఎంచుకోండి. వాటి కేబులును గూటిలో చుట్టగా కొంత ఎక్కువ ఉంచితే, దీపం మార్చవలసినప్పుడు నీళ్లు తీయకుండా దాన్ని గట్టు మీదికి తెచ్చుకోవచ్చు.

మీ ఎలక్ట్రీషియన్ మంచి పనివారే కావచ్చు, కానీ ఈతకొలను పని ఇంతకుముందు చేశారో లేదో సూటిగా అడగండి. చేయకపోతే ఈ ఒక్క పనికి చేసినవారిని పిలవండి.

సమాధానం: మొదటి యజమాని మళ్లీ

పైపు 9 మీటర్లు పెరగడం ఇబ్బంది కాదు. పీల్చే వైపు 63 మిల్లీమీటర్ల పైపు వేయండి, వంపులు తగ్గించండి, పొడవు వల్ల పెరిగే రాపిడి నష్టం దాదాపు భర్తీ అవుతుంది. పునాది పక్కన లోతుగా తవ్వడం కన్నా ఆ కొద్దిపాటి పైపు ఖర్చు ఎంతో నయం.

నిన్న రాయడం మరిచిన రెండు విషయాలు కలుపుతాను. కాంక్రీటు పడ్డాక కనీసం 7 రోజులు దాన్ని ఆరనివ్వకుండా తడపాలి. గోడలు నిలువుగా ఉంటాయి కాబట్టి రోజుకు రెండుసార్లు నీళ్లు కొట్టి వదిలేస్తే చాలదు, గోనెపట్టాలు కప్పి తడపండి. ఈ పని కోసం ఏ ఒప్పందంలోనూ మనిషి ఉండడు, నేను మా ఇంటివారి మధ్య వంతులు వేశాను.

రెండోది నీళ్లు నింపడం. లోపల తెల్ల సిమెంటు, పాలరాతి పొడితో పూత వేయిస్తే, అది గట్టిపడుతుండగానే నింపడం మొదలుపెట్టి మధ్యలో ఆపకూడదు. ఆపిన మట్టం దగ్గర చెరగని గీత పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే గొట్టంతో 45,000 లీటర్లు నింపడానికి 37 గంటలకు పైగా పడుతుంది. కాబట్టి రాత్రి కూడా నీటి సరఫరా ఉంటుందా, మోటారు ఆగితే ప్రత్యామ్నాయం ఏమిటి అన్నది పూత రోజుకు ముందే తేల్చుకోండి. గొట్టం చివర గుడ్డ చుట్టి అడుగున ఉంచితే ధార పూతను తొలచదు. తరువాత మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు గోడలను బ్రష్‌తో రుద్దండి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2కీ 7.6కీ మధ్య ఉండేలా రోజూ పరీక్షించండి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం పెట్టుకున్నా, 28 రోజులు గడిచే వరకు నీటిలో ఉప్పు వేయకండి.

సమాధానం: ఇద్దరు చిన్నపిల్లల తల్లి

ఇంతవరకు ఎవరూ కంచె మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. చాలామంది దాన్ని చివరి పనిగా, డబ్బు మిగిలితే చేసే పనిగా చూస్తారు. అది తవ్వకం రోజునే తాత్కాలికంగానైనా నిలబడాలి. రెండు మీటర్ల గొయ్యి, ఒక రాత్రి వాన పడితే బురద నీటి కొలను అవుతుంది, అందులోంచి పైకి రావడానికి మెట్లు కూడా ఉండవు.

శాశ్వత కంచె కనీసం 1.2 మీటర్ల ఎత్తు ఉండాలి, కమ్ముల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు, కాలు మోపి ఎక్కడానికి వీలయ్యే అడ్డ కమ్మీలు బయటి వైపు ఉండకూడదు. గేటు కొలను నుంచి బయటి వైపుకు తెరుచుకుని, వదిలేయగానే తనంతట తాను మూసుకుని గడియ పడాలి, ఆ గడియ చిన్నపిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. ఇంటి వెనుక గోడను నాలుగో పక్కగా లెక్కపెట్టకండి. పిల్లలు వెళ్లేది ఆ గోడలోని తలుపు గుండానే. మునిగే పిల్ల అరవదు, చేతులు ఊపి పిలవదు. వంటగదిలో ఉన్నవారికి ఏ చప్పుడూ వినబడదు. మీ ఇంట్లో పిల్లలు లేకపోయినా పక్కింటి పిల్లలు ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న పునాది పక్కన ఒకచోట తవ్వించి చూశాను, లోతు మీటరే ఉంది, అంటే నేను అనుకున్నదానికన్నా తక్కువ. కొలనును తిప్పించడమే కాక, ఇంటికి ఇంకో మీటరు దూరం జరపమని చిత్రం గీసినవారికి చెప్పాను. మట్టి పరీక్షకు మనుషులు వచ్చే వారం వస్తున్నారు. వచ్చే నెల మొదలుపెట్టాలనుకున్న తవ్వకాన్ని వానలు వెళ్లేవరకు వాయిదా వేశాను. ఒప్పందాల్లో పై అంచు మట్టం, పైపుల ఒత్తిడి, రాలిన మాలు పారబోయడం ఎవరి బాధ్యతో ఒక్కొక్క వాక్యం చేర్చాను, తడపడానికి విడిగా ఒక మనిషిని మాట్లాడుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే కొలను పని ఎప్పుడూ చేయలేదని నిజాయితీగా చెప్పారు, చేసినవారి పేరు కూడా ఆయనే ఇచ్చారు.

ఒక్క సందేహం మిగిలింది. నీటి మట్టం చూసే గొట్టాన్ని ఏ మూలన పెట్టాలి?

సమాధానం: సివిల్ ఇంజనీరు

లోతైన చివర, అడుగు పైపు వాలు ముగిసేచోట, గోడకు అర మీటరు అవతల పెట్టండి. గొట్టం అడుగు కంకర పరుపు అడుగుకన్నా మరో 30 సెంటీమీటర్లు కిందికి దిగాలి, పైన మూత గచ్చు మట్టంలో ఉండాలి, లోపల చిన్న పంపు పట్టేంత, అంటే కనీసం 20 సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి. మట్టి పరీక్ష నివేదిక వచ్చాక అందులోని నీటి మట్టం అంకె ఇక్కడ రాయండి, అడుగు మందం పెంచవలసి ఉందో లేదో లెక్క చూసి చెబుతాను.